అక్కకు గుర్తులేని ఏడేళ్లు

మొన్న పొద్దున మా వీధికి వచ్చిన ఆశా కార్యకర్త, మా అరుగు మీద కూర్చుని చేతిలోని ఫోనులో ఒక్కొక్క గడి నింపుకుంటూ బీపీ, షుగరు, కంటిచూపు అన్నీ అడిగిన తర్వాత, బీడీ అలవాటున్నదా, మందు తాగుతానా అని అడిగింది. రెండింటికీ లేదని తల ఊపాను. ఆ అమ్మాయి తల ఎత్తి, "మరి కల్లు, తాతా?" అన్నది. మందు అడిగినాక మళ్లీ కల్లు ఎందుకమ్మా అంటే, "అది వేరేగ అడగాలె. లేకుంటే మీ ఈడోళ్లు ఒక్కరు గూడ చెప్పరు" అని నవ్వి, నేను చెప్పింది తన గడిలో నింపుకుని పక్కింటికి వెళ్లిపోయింది. నేను మాత్రం ఎండ అరుగు మీదికి వచ్చేదాకా అక్కడే కూర్చున్నాను. ఆ ప్రశ్నను విడిగా అడిగేవాళ్లు లేని కాలంలో, మామూలుగా అడిగిన ప్రశ్నకు నేను చెప్పిన ఒక జవాబు మా అక్క ప్రాణం మీదికి తెచ్చింది. మన ఈడు వాళ్లకు ఆ జవాబు ఎందుకు అలా వచ్చిందో వివరించి చెప్పనక్కర లేదు గాని, తర్వాతి వాళ్లకు చెప్పాలి.

నేను కాలువల శాఖలో పనిచేసి రిటైరైన వాణ్ణి. వనపర్తిలో కొన్నేళ్లు, నాగర్‌కర్నూల్‌లో కొన్నేళ్లు చేసి, చివరికి సొంత ఊరు గద్వాలకే బదిలీ చేయించుకున్నాను. కాలువ గట్టున పాతిన గేజీ పలక మీద నీళ్లు ఎంతవరకు వచ్చాయో పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూసి రాయడం నా ఉద్యోగంలో మొదటి పని. ఆ చేత్తోనే నా సొంత డైరీ కూడా రాసుకునేవాణ్ణి. వాన పడిందా, ఎంత పడింది, ఇంటికి ఎవరు వచ్చారు, ఏం తిన్నాము, ఎవరింటికి వెళ్లాను, అక్కడ ఏం చూశాను. నాకు అనిపించింది రాయడం రాదు. కనిపించింది రాయడం వచ్చు. మంచి అలవాటనే నమ్మాను, చాలాకాలం.

మాది నేతవాళ్ల కుటుంబం. నేను చదువుకుని ఉద్యోగంలోకి వెళ్లాను గాని, అక్కను రెండు వీధుల అవతల మగ్గమున్న ఇంటికే ఇచ్చారు. బావ గుంట మగ్గంలో కాళ్లు పెట్టుకుని చీర నేస్తుంటే, అక్క కండెలు చుట్టేది, పట్టు పోగులు సరిచేసేది. అన్నిటికంటే ఆమెకు పేరున్న పని అచ్చు అతకడం. మగ్గం మీది పడుగు అయిపోయే వేళకు, దాని కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా చేర్చి, బూడిద అద్దిన వేళ్లతో మెలిపెట్టి కలపాలి. వేల పోగులుంటాయి. ఒక్కటి తప్పిపోతే చీర పొడుగునా గీత పడుతుంది. అక్క అతికిన అచ్చులో గీత పడిందని ఎవరూ అనగా వినలేదు. వీధిలో ఏ మగ్గం మీద పడుగు మారినా ముందు అక్కకే కబురు వచ్చేది. పొద్దున కూర్చుంటే పొద్దు వాలేదాకా వంగిన నడుము ఎత్తేది కాదు. లేచేసరికి వేళ్లు కొంకర్లు పోయేవి, మోకాళ్లు పట్టేసేవి.

ఆ నొప్పులకే సాయంత్రం కల్లు. మన పాలమూరు వైపు ఆడవాళ్లు కల్లు తాగడం వింతా కాదు, దాచుకునేదీ కాదు. బాలింతకు ఇస్తాం, దేవతకు సాక పోస్తాం, చావుకు పోయి వచ్చాక తాగుతాం, చుట్టం వస్తే తెప్పిస్తాం. అయిదు గంటలకు పనులు కట్టిపెట్టి, వీధిలోని ఆడవాళ్లు నలుగురైదుగురు అక్క ఇంటి అరుగు మీద చేరేవారు. ఎదురింటి పెద్దమ్మ కల్లు దుకాణం నుంచి సీసాలు తెచ్చేది. వేయించిన బఠాణీలు, పచ్చిమిరపకాయ, ఊరిమీది ముచ్చట్లు. నేను సాయంత్రం గేజీ చూసి వచ్చేటప్పుడు అటువైపు నుంచే వచ్చేవాణ్ణి. పెద్దమ్మ నన్ను చూడగానే, "అగో, కాలువ దొర వచ్చిండు, మన సీసల ఎంత మట్టం ఉన్నదో సూసి రాసుకపోతడు" అనేది. అందరూ నవ్వేవారు. అక్క అందరికంటే గట్టిగా నవ్వేది.

ఆమె వేళాకోళానికి అన్నా, నేను నిజంగానే రాసుకునేవాణ్ణి. "అక్క ఇంటికి వెళ్లాను. అక్క ఒక సీసా కల్లు తాగింది. బావ నీలం చీర ముగించాడు." అంతే. కొన్నాళ్లకు అది రెండు సీసాలయింది, రెండని రాశాను. ఆ తర్వాతి ఏడాది, పొద్దున అచ్చుకు కూర్చునే ముందు కూడా ఒక సీసా కావాల్సి వచ్చింది, చేతులు వణకకుండా, అదీ రాశాను. చెట్టు కల్లు చాలక దుకాణంలో నీళ్లలో ఏదో మత్తు పొడి కలుపుతున్నారన్న మాట ఊళ్లో అందరి నోటా ఉండేది. ఎవరూ దాన్ని పెద్దగా పట్టించుకోలేదు, "ఈ దుకాణం కల్లు జర గట్టిగుంటది" అని మెచ్చుకోవడానికి తప్ప.

ఇల్లు కొంచెం కొంచెంగా మారింది. అక్క కూరలో ఉప్పు రెండుసార్లు వేసేది, లేదా అసలు వేసేది కాదు. మాట మధ్యలో ఆగిపోయి, ఏం చెప్తున్నానని మనల్నే అడిగేది. తిండి తగ్గి, ముంజేతి గాజులు మోచేతి దాకా జారేవి. మా మేనకోడలు పురిటికి వచ్చి, బిడ్డకు మూడో నెల నిండకముందే అత్తగారింటికి వెళ్లిపోయింది. అమ్మమ్మ చేతికి బిడ్డను ఇవ్వడానికి భయమేస్తోందని తండ్రితో చెప్పిందట. బావ మగ్గం దిగి పొయ్యి దగ్గర కూర్చోవడం మొదలుపెట్టాడు. ఒకరోజు వేరే ఇంటి మగ్గం మీద అక్క అతికిన అచ్చులో పోగులు తారుమారయ్యాయి. ఆ ఇంటి వాళ్లు మర్యాదస్తులు, ఏమీ అనలేదు; తర్వాతి పడుగుకు మాత్రం వేరే మనిషిని పిలుచుకున్నారు. ఆ రోజు నా డైరీలో, "అక్కకు పిలుపు రాలేదు. నాలుగు సీసాలు" అని ఉన్నది.

నేను రిటైరైన ఏడాది వానాకాలంలో, కల్లులో కల్తీ పట్టుకున్నారని అధికారులు ఊళ్లో దుకాణాలన్నీ ఒక్కసారిగా మూయించారు. మంచిపనే అయిందని నేను కూడా అనుకున్నాను. మొదటిరోజు అక్క ఇంట్లో అందరి మీదా కసురుకున్నది. రెండో రాత్రి కన్ను మూయలేదు, పొద్దునకు చీర చెమటతో తడిసిపోయింది. మూడోరోజు మంగళవారం. పది గంటలకు బావ కబురు పెడితే వెళ్లాను. అక్క వాకిట్లో కూర్చుని ఉన్నది, జుట్టు విరబోసుకుని. మెడ ఒక పక్కకు గుంజుకుపోతున్నది. ఒళ్లంతా వణుకు. కళ్లు ఎవరినీ చూడడం లేదు. నేను వెళ్లేసరికే పెద్దమ్మ బిందెడు నీళ్లు తెచ్చి అక్క పాదాల మీద పోసి, నుదుట పసుపు కుంకుమ పెట్టి, చేతులు జోడించి నిలబడి ఉన్నది. వీధి సగం అక్కడే ఉన్నది. ఎల్లమ్మ తల్లి పూనిందని తీర్మానం అయిపోయింది.

"ఏం తక్కువ చేసినం తల్లీ, నోరిప్పి చెప్పు" అని పెద్దమ్మ అడిగింది.

"కల్లు... కల్లు తెండి" అన్నది అక్క.

"సాక అడుగుతున్నది, సాక!" అని ఆడవాళ్లంతా ఒక్కసారి అన్నారు. పెద్దమ్మ ఇంకా వంగి, "పోస్తం తల్లీ, కడివెడు పోస్తం. దుకాణాలు బంద్ పెట్టిండ్రు. జర ఓపిక పట్టు" అని బతిమాలింది.

"తెస్తరా తేరా!" అని అక్క అరిచిన అరుపు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. దేవత ఎప్పుడు పూనినా కల్లే అడుగుతుంది కాబట్టి, ఆ అడుగుతున్నది మా అక్క అని అక్కడున్న అంతమందిలో ఒక్కరికీ తోచలేదు. నాకూ తోచలేదు. బావ మోటార్ సైకిలు మీద అయిజ దారిలో తనకు తెలిసిన ఒక ఊరికి వెళ్లి, చెట్టు నుంచి అప్పుడే దించిన కల్లు రెండు సీసాలు తెచ్చాడు. కొంత గడప దగ్గర సాకగా పోసి, మిగిలినదంతా అక్క చేత తాగించారు. ఆమె గటగటా తాగింది. తల్లి శాంతిస్తుందని అందరం ఎదురుచూశాం. శాంతించలేదు. వణుకు ఇంకా ఎక్కువైంది. మధ్యాహ్నం ఒంటిగంటకు అక్క విరుచుకుపడిపోయి, కాళ్లూ చేతులూ కొట్టుకుని, నాలుక కరుచుకున్నది. నోటి నుంచి రక్తం చూసిన తర్వాత గాని ఆటో కోసం ఎవరూ పరుగెత్తలేదు.

దవాఖానలో ఉన్నది ఒక కుర్ర డాక్టరు, బయటి జిల్లా అబ్బాయి. అక్కకు సూది మందు ఇచ్చి, నెమ్మదించాక నన్ను పక్కకు పిలిచాడు. మా అందరిలో చదువుకున్నవాణ్ణి నేనే కాబట్టి జవాబులు నేనే చెప్పాను. ఇంతకు ముందు మూర్ఛ వచ్చిందా, తలకు దెబ్బ తగిలిందా, జ్వరముందా అని వరుసగా అడిగాడు. చివర, "ఆమెకు తాగుడు గాని, ఇంకేవైనా అలవాట్లు గాని ఉన్నాయా?" అన్నాడు.

"ఏం లేవు సార్. నేతపని చేసుకునేటోళ్లం" అన్నాను.

అబద్ధమాడుతున్నానని నాకు అనిపించలేదు. నిజం దాచానని కూడా కాదు. తాగుడు అంటే బ్రాండీ దుకాణం ముందు పడిపోయే మగవాడు. కల్లు అంటే అన్నం లాంటిది. ముప్పై ఏళ్లకు పైగా మట్టాలు కొలిచి రాసిన మనిషినైనా, ఆ రెండింటినీ ఒక గడిలో వేయడం నాకు తెలియలేదు. డాక్టరు అది నమ్మి, మెదడువాపు కావచ్చునని దానికి మందులు మొదలుపెట్టాడు. ఆ సాయంత్రం అక్కకు మళ్లీ ఫిట్స్ వచ్చాయి. తెల్లవారి మరోసారి వచ్చాయి. మనిషిని పోల్చుకోవడం మానేసింది. చనిపోయిన మా అమ్మతో మాట్లాడుతూ, గాలిలో వేళ్లతో పోగులు మెలిపెట్టడం మొదలుపెట్టింది. పొద్దున డాక్టరు వచ్చి, ఇక్కడ లాభం లేదు, కర్నూలు తీసుకుపొమ్మని చెప్పి, అంతదూరం తట్టుకుంటుందో లేదో తాను చెప్పలేనన్నాడు. బావ గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు.

పంపే కాగితంలో రాయడానికి, జబ్బు ఎప్పుడు ఎలా మొదలైందో వరుసగా చెప్పమని డాక్టరు నన్ను అడిగాడు. ఆ ఏడాది డైరీ నా సంచిలోనే ఉన్నది. కళ్లజోడు పెట్టుకుని, పొరపాటు లేకుండా చెప్పాలని, చదవడం మొదలుపెట్టాను. "శనివారం. చిన్న వాన. అక్క నాలుగు సీసాల కల్లు తాగి నిద్రపోయింది. ఆదివారం. దుకాణాలు మూశారు. అక్క తాగలేదు. సోమవారం..."

డాక్టరు రాయడం ఆపేశాడు. "ఆగండి. నాలుగు సీసాలేమిటి? అలవాట్లు లేవన్నారు కదా పెద్దాయనా?"

"తాగుడు లేదు సార్, కల్లే గద" అన్నాను.

ఆయన నా చేతిలోని డైరీ తీసుకుని పేజీలు తిప్పాడు. మంగళవారం దగ్గర ఆగి, చెట్టు కల్లు తాగినా వణుకు తగ్గలేదన్న వాక్యాన్ని రెండుసార్లు చదివాడు. "ఆమె ఒళ్లు అడుగుతున్నది కల్లును కాదు, దాంట్లో కలిపిన నిద్రమందును" అన్నాడు. రోజూ ఒంట్లోకి పోయే మత్తు ఒక్కసారిగా ఆగిపోతే ఇలాగే అవుతుందనీ, దాన్ని ఆపాల్సింది మెట్టు మెట్టుగా అనీ చెప్పాడు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అనకపోవడమే నాకు కష్టమనిపించింది. వెంటనే మందు మార్చి, అలాంటి నిద్రమందునే కొలతగా ఇవ్వడం మొదలుపెట్టాడు. కర్నూలుకు పోవాల్సిన పని పడలేదు. రెండోరోజుకు ఫిట్స్ ఆగాయి, నాలుగోరోజు అక్క నన్ను చూసి, "తమ్మీ, ఎప్పుడొచ్చినవ్?" అన్నది.

ఆ మందును నెలలు పట్టి తగ్గించాల్సి వచ్చింది. రోజుకు ఎంత, ఎన్నాళ్లకు సగం, ఎప్పుడు పావు అని డాక్టరు కాగితం రాసిచ్చాడు. మాత్రలు నా దగ్గరే పెట్టుకుని, పూటపూటకూ వెళ్లి నా చేత్తో ఇచ్చి వచ్చేవాణ్ణి. కొన్నిరోజులు అక్క నన్ను నోటికొచ్చినట్లు తిట్టింది. ఇంకో సగం ఇవ్వమని నా కాళ్లు పట్టుకున్నది ఒకసారి. దాని గురించి ఇంతకంటే రాయను. ఈలోగా దుకాణాలు మళ్లీ తెరిచారు. అరుగు మీది ఆడవాళ్లు పెద్దమ్మ ఇంటి అరుగు మీదికి మారారు. అందులో వాళ్ల తప్పు లేదు, అక్క ఎదుట తాగకూడదని అలా చేశారు. కాని ఆ నవ్వులు వీధి దాటి వచ్చి అక్కకు వినిపించేవి. ఆమె లేచి తలుపు దగ్గరగా వేసుకునేది. మానడంలో కష్టం ఒంటితోనే అయిపోలేదని నాకు అప్పుడు అర్థమైంది. రోజులో ఆ ఒక్క గంట మనుషుల మధ్య నవ్వుతూ గడిపిన మనిషికి, ఆ గంట ఖాళీ అయిపోయింది.

అందుకని సాయంత్రాలు నేను వెళ్లి కూర్చోవడం మొదలుపెట్టాను. అప్పుడు బయటపడింది అసలు నష్టం. వేళ్ల వణుకు చాలావరకు తగ్గింది, అచ్చు పని మాత్రం మళ్లీ చేతకాలేదు. అంతకన్నా, గడిచిన ఏడేళ్లలో చాలా సంగతులు అక్కకు లేవు. మనవరాలు పుట్టిన రోజు లేదు. కూతురు పురిటికి వచ్చి ఇంట్లో ఉన్నది లేదు. మా పెద్దనాన్న పోయినప్పుడు తానే అందరికంటే ఎక్కువ ఏడ్చిన సంగతీ లేదు. ఎవరైనా చెబితే, పరాయివాళ్ల ముచ్చట విన్నట్లు వినేది. ఒకరోజు, "నీ పుస్తకాలల్ల ఉంటది గద తమ్మీ, తెచ్చి సదువు" అన్నది.

ఏడు డైరీలూ తీసుకెళ్లి, రోజుకు కొన్ని పేజీలు చదివాను. మనవరాలు పుట్టిన రోజు పేజీ కోసం ఆమె చాలా ఆశగా ఎదురుచూసింది. అందులో ఉన్నది ఇంతే: "మేనకోడలికి ఆడపిల్ల. క్షేమం. సాయంత్రం పెద్ద వాన." బిడ్డను మొదట ఎవరు ఎత్తుకున్నారు, తాను ఏమన్నది అని అక్క అడిగింది. నేను రాయలేదు. నాకూ గుర్తులేదు. సీసాల లెక్క వచ్చిన చోటల్లా గొంతు తగ్గించి, ఆ వాక్యం దాటి చదివేవాణ్ణి. మూడోరోజు అక్క చెయ్యి అడ్డం పెట్టింది.

"దాటియ్యకు. గది గూడ సదువు."

చదివాను. ఒకటి, రెండు, పొద్దున ఒకటి, మూడు, నాలుగు. ఆ ఏడేళ్లూ ఆమె ముందు వరుసగా చదివాను. అక్క కోపం చేయలేదు, కన్నీళ్లు పెట్టలేదు. అంతా విని, "ఇంత సక్కగ రాసినవు. ఒక్కపారన్న, ఎందుకక్కా అని అడగకపోతివి గద" అన్నది. ఆ రోజు డైరీలో ఏం రాయాలో తెలియక ఆ పేజీ అలాగే వదిలేశాను. నా జీవితంలో ఖాళీగా ఉన్న పేజీ అదొక్కటే.

దాని తర్వాత అక్క తొమ్మిదేళ్లు బతికింది, మళ్లీ సీసా ముట్టకుండా. కూతురు మనవరాలిని తీసుకుని సెలవులకు వచ్చేది. ఆ పిల్ల జుట్టు అక్కే దువ్వి జడ వేసేది. డైరీలు అయిపోయాక మా సాయంత్రాలు ఆగలేదు. ఈసారి చెప్పడం అక్క వంతు అయింది. ఆమెకు పోయింది మధ్యలోని ఏడేళ్లే గాని, చిన్ననాటి సంగతులు చెక్కుచెదరలేదు. నేను డైరీ రాయడం మొదలుపెట్టింది ఉద్యోగంలో చేరాక. అంతకు ముందటి నా బతుకంతా అక్క దగ్గరే ఉన్నది. నాన్న మమ్మల్ని చేను గట్టుకు తీసుకెళ్లి, చెట్టు దిగిన మనిషి కుండలోంచి తాటాకు దొన్నెలో వంచిన కల్లును చెరొక గుక్క తాగించడం, అది తియ్యగా, నురగగా, ముక్కులోకి ఎక్కడం, నేను తుమ్మితే ఆ మనిషి నా పేరు పెట్టి నవ్వడం. ఆయన పేరు కూడా అక్క చెప్పింది. కల్లు ఎవరి చేతి నుంచి వస్తున్నదో తెలిసి తాగిన రోజులవి.

ఇప్పుడు ఏ సీసాలో ఏమున్నదో, ఎవరు కలిపారో ఎవరికీ తెలియదు. మా వీధిలో అచ్చు అతికే చేతులు రెండో మూడో మిగిలాయి. అరుగుల మీద సాయంత్రం కూర్చునే వాళ్లు తగ్గిపోయారు. తాగేవాళ్లు తగ్గలేదు, లోపల ఒక్కొక్కరుగా తాగుతున్నారు. నేను మాత్రం ఇంకా రాస్తూనే ఉన్నాను. కాని అయిదేళ్ల వయసులో నాకు భయమేసినప్పుడు ఎవరి వెనక దాక్కునేవాణ్ణి, అమ్మ నన్ను ఏమని పిలిచేది, మొదటిరోజు బడికి ఎవరి చెయ్యి పట్టుకుని వెళ్లాను, ఇవి ఏ పుస్తకంలోనూ లేవు. అడిగి రాసుకోవాలని అనుకుంటూనే ఉండిపోయాను. అక్క ఉండగా ఒక సాయంత్రం చాలేది.